పది నిమిషాలకోసారి

నేను రాసిన మొట్టమొదటి బగ్ రిపోర్టులో మొదటి వాక్యం ఇప్పటికీ నోటికి వచ్చు. "మీ ప్రోగ్రామ్ పుణ్యమా అని నా వైఫై రోజుకి వందసార్లు తెగిపోతోంది, దీన్ని మీలో ఎవరైనా వాడి చూస్తారా అసలు?" ఇంగ్లీషులో రాశాను కనక పైకి కాస్త మర్యాదగానే కనిపించి ఉంటుంది. లోపలున్న గొంతు మాత్రం ఇదే. వందసార్లన్నది కోపంలో అన్న లెక్క. నిజంగా లెక్కపెట్టి ఉంటే 144 వచ్చేది. ఆ అంకె చూసినవాడికి జబ్బేమిటో అక్కడే తెలిసిపోయేది. నేను లెక్కపెట్టలేదు.

ఆ ప్రోగ్రామ్ పేరు నెట్‌వర్క్‌మేనేజర్. పేరు తెలియకపోయినా, లినక్స్ వాడేవాళ్ళందరికీ తెర మూలన ఉండే వైఫై బొమ్మ తెలుసు. చాలా కంప్యూటర్లలో ఆ బొమ్మ వెనక పనిచేసేది ఇదే. 2004లో రెడ్ హ్యాట్‌లో మొదలైంది. 1.0 అని ధైర్యంగా అంకె వేసుకోవడానికి పదేళ్ళు పట్టింది, 2014 డిసెంబరు వచ్చేసింది. ఇది రాకముందు లినక్స్‌లో వైఫై కలపడమంటే ఫైళ్ళు తెరిచి చేత్తో రాసుకోవడం, తప్పితే మళ్ళీ రాసుకోవడం. ఆ తరం వాళ్ళు దాన్నిప్పుడు వీరగాథలా చెబుతారు గానీ, అప్పట్లో ఏడుస్తూనే చేశారు.

ఇల్లు కట్టేచోట మేస్త్రీ లాంటిది ఇది. తను తాపీ పట్టదు. పాస్‌వర్డ్ చెప్పి రౌటర్‌ని ఒప్పించే పని డబ్ల్యూపీఏ సప్లికెంట్ అనే వేరే ప్రోగ్రామ్‌ది. డేటా పొట్లాలు మోసే పని కెర్నల్‌ది. సిమ్ డాంగిల్ ఉంటే దాంతో బేరమాడేది మోడెమ్‌మేనేజర్. వీళ్ళందరినీ పిలిచి, ఎవరు ముందు ఎవరు తర్వాత అని చూసుకుని, ఎవరైనా చేతులెత్తేస్తే ఏం చెయ్యాలో తేల్చేది నెట్‌వర్క్‌మేనేజర్. పనివాడు ఎగ్గొట్టినా తిట్లు మేస్త్రీకే కదా. నేనూ మేస్త్రీనే తిట్టాను.

రిపోర్టుతోపాటు లాగ్ పంపాను. ఇక్కడే నా రెండో తెలివి. మొత్తం లాగ్ ఎవడు చదువుతాడులే, వాళ్ళ టైమెందుకు వృథా చెయ్యాలని, గ్రెప్ పెట్టి 'ఎర్రర్', 'వార్న్', 'డిస్కనెక్ట్' అన్న మాటలున్న లైన్లు మాత్రం ఏరి పంపాను. డాక్టరు దగ్గరికెళ్ళి, మీకు శ్రమ లేకుండా నేనే చూసుకుని వచ్చానండీ, ఈ రెండుచోట్ల మాత్రం చూడండి అన్నట్టు. అందులో ఒక లైను మీద నాకు గట్టి నమ్మకం. డబ్ల్యూపీఏ సప్లికెంట్ రాసిన లైను అది: 'సీటీఆర్‌ఎల్-ఈవెంట్-డిస్కనెక్టెడ్', రౌటర్ అడ్రసు, 'రీజన్=3', ఆ చివర 'లోకల్లీ_జెనరేటెడ్=1'. రీజన్ 3 అంటే ఏమిటా అని వెతికితే, 'పంపిన స్టేషన్ వెళ్ళిపోతోంది' అని దొరికింది. రౌటర్ వెళ్ళిపోతోందన్నమాట, రౌటర్‌ని ఈ మేనేజర్ ఏదో చేసి తరిమేస్తోందన్నమాట అనుకున్నాను. లైను చివర ఉన్న లోకల్లీ జెనరేటెడ్ అన్న ముక్కకి అర్థం ఒకటే: తలుపేసుకుని బయటికి నడిచింది ఈ కంప్యూటరే, అవతలివాళ్ళు కాదు. ఆ ముక్క నా కంటికి కనిపించింది. బుర్రకి ఎక్కలేదు. కోపంగా ఉన్నప్పుడు లాగ్ చదవడం, పంచాయితీలో సాక్ష్యం వినడం ఒకలాంటివే. మనకి కావలసిన మాట దగ్గరే చెవి ఆగిపోతుంది.

మర్నాటికి జవాబొచ్చింది. నా మొదటి వాక్యం జోలికి వాళ్ళు పోలేదు. ఆ ఒక్కదానికీ వాళ్ళమీద గౌరవం అప్పుడే పుట్టాల్సింది. నాకు మాత్రం తప్పించుకుంటున్నారనిపించింది. లాగింగ్ స్థాయిని ట్రేస్‌కి పెంచి, ఏమీ ఏరకుండా, నెట్‌వర్క్‌మేనేజర్ లైన్లు ఒక్కటే కాకుండా మెషీన్ మొత్తం జర్నల్ పంపమన్నారు. ట్రేస్ అంటే ఆ ప్రోగ్రామ్ తన ప్రతి అడుగునీ నోరు విప్పి చెప్పడం. అరగంటకి వేల లైన్లు. సణుక్కుంటూనే పెట్టాను.

పంపేముందు ఫైలు ఒకసారి తెరిచి చూశాను. దేవుడు మంచివాడు, పంపేముందే చూశాను.

తెగిన ప్రతిసారీ, తెగడానికి సరిగ్గా ముందు, ఒక ఆడిట్ లైను ఉంది. ఎవరైనా బయటినుంచి నెట్‌వర్క్‌మేనేజర్‌కి ఆజ్ఞ ఇస్తే అది చిట్టా రాసుకుంటుంది: ఏ పని అడిగారు, అడిగిన ప్రాసెస్ నంబరెంత, ఏ యూజరు, చేశానా లేదా. ఇక్కడ అడిగిన పని 'రేడియో-కంట్రోల్'. అంటే వైఫై రేడియో కట్టెయ్యమని. యూజరు 0, అంటే రూట్. ఫలితం, సక్సెస్. పాపం, సక్సెస్ కనక ఆ లైనులో ఎర్రర్ అన్న మాట లేదు. అందుకే నా గ్రెప్ దాన్ని ఏరి అవతల పారేసింది.

దాని పక్కనే ఇంకో లైను. చెప్పిన టైముకి చెప్పిన పని నడిపే క్రాన్ రాసింది. రూట్ తరఫున ఫలానా స్క్రిప్టు నడిపానని. టైము 10:10:01. కిందికి వెళ్తే 10:20:01. ఇంకా కిందికి, 10:30:01.

నెట్ సహజంగా తెగితే గడియారం చూసుకుని తెగదు. గంటకి ఆరుసార్లు, రోజుకి 144 సార్లు, ఒక్క సెకను అటూ ఇటూ కాకుండా తెగుతోందంటే దాని వెనక ఎవడో కూర్చుని ఉన్నట్టే. ఆ స్క్రిప్టు పేరు చూశాను. పేరు నేను పెట్టిందే.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉన్నరోజుల్లో రాశాను దాన్ని. అక్కడ ఒక్క రౌటర్‌కి ముప్ఫై మంది వేలాడేవాళ్ళం. అది రోజుకి నాలుగుసార్లు బిగుసుకుపోయేది, మన వైపు వైఫై ఆపి మళ్ళీ పెడితే కదిలేది. ప్రతిసారీ చేత్తో చెయ్యడం విసుగేసి తొమ్మిది లైన్ల స్క్రిప్టు రాశాను: పది నిమిషాలకోసారి రౌటర్‌ని ఒకసారి పింగ్ చెయ్యి, పలక్కపోతే వైఫై కట్టెయ్యి, ఐదు సెకన్లు ఆగు, మళ్ళీ పెట్టు. హాస్టల్‌లో నలుగురు అడిగి కాపీ చేసుకున్నారు కూడా. కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడల్లా నా పాత సెట్టింగులన్నీ దించే ఒక పెద్ద స్క్రిప్టు ఉండేది నాకు. దాని వెంట ఈ తొమ్మిది లైన్లూ ల్యాప్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్‌కి కాపురం మారుస్తూ వచ్చాయి. మూడేళ్ళపాటు ఏ గొడవా లేదు. ఎందుకంటే ఆ మూడేళ్ళూ నేనున్న ప్రతిచోటా రౌటర్ పింగ్‌కి పలికింది. రిపోర్టు రాసిన నెలలోనే ఇంట్లో కొత్త కనెక్షన్ పెట్టించాను. కొత్త రౌటర్ పింగ్‌కి జవాబివ్వదు. దాని అలవాటు అంతే, అలాంటి రౌటర్లు ఎన్నో ఉన్నాయి. నెట్ మాత్రం బంగారంలా వస్తోంది. నా స్క్రిప్టు ప్రతి పది నిమిషాలకీ లేచి, రౌటర్ చచ్చిపోయిందని తేల్చుకుని, బతికున్న వైఫై పీక పిసుకుతోంది.

రెండు రోజులు జవాబు రాయలేదు. రిపోర్టుని అలా వదిలేస్తే వాళ్ళే కొన్నాళ్ళకి మూసేస్తారులే అనిపించింది. అలా వదిలేసినవి ప్రతి ప్రాజెక్టులోనూ గుట్టలుగా ఉంటాయి, ఇప్పుడు నేనూ వాటిని తవ్వుతుంటాను కనక తెలుసు. మూడోరోజు రాశాను: తప్పు నాదే, నా క్రాన్ జాబ్, క్షమించండి. వాళ్ళు థాంక్స్ చెప్పి మూసేశారు. ఇంకొకడికి పనికొస్తుంది, కారణం రాసినందుకు సంతోషం అన్నారు. అంతే. నేను సిద్ధం చేసుకున్న సంజాయిషీలు ఎవరూ అడగలేదు.

నన్ను ఎక్కువగా తొలిచింది వేరే. నా తొమ్మిది లైన్లు చెయ్యబోయిన పనిని ఆ ప్రోగ్రామ్ తనే చేస్తోంది, నాకంటే వెయ్యిరెట్లు నెమ్మదస్తుడిలా చేస్తోంది. కనెక్టివిటీ చెక్ అంటారు. ఏర్పాటు చేసి ఉంటే, మామూలుగా 300 సెకన్లకోసారి ఒక చిన్న వెబ్ పేజీ అడిగి చూస్తుంది. అనుకున్న జవాబొస్తే నెట్ ఉన్నట్టు. ఇంకేదైనా లాగిన్ పేజీ వస్తే హోటల్లోనో రైల్వే స్టేషన్లోనో ఉన్నట్టు. అసలేమీ రాకపోతే? తెంచదు. నేను ఆశ్చర్యపోయిందిక్కడే. ఒక్కో దారికి ఒక మెట్రిక్ ఉంటుంది, అంకె తక్కువుంటే ముందు దానికే పిలుపు. వైరుకి 100, వైఫైకి 600. వైరులో నెట్ లేదని తేలితే దాని అంకెకి 20,000 కలుపుతుంది. వైరు 20,100 అయి వెనక బెంచీకి పోతుంది, వైఫై ముందుకొస్తుంది. వైరు కనెక్షన్ తెగలేదు, అడ్రసు పోలేదు, పక్క గదిలో ప్రింటర్ దాని మీద పనిచేస్తూనే ఉంటుంది. నెట్ తిరిగొస్తే ఆ 20,000 తీసేస్తుంది. నేనైతే తలుపు పగలగొట్టేవాణ్ణి. అది కుర్చీ మార్చి ఊరుకుంది.

సిగ్గు పడినవాడు సేవకి దిగుతాడు. ఏదైనా పని చెప్పండి చేస్తానన్నాను. టెస్టులు రాయమన్నారు. ఓపెన్ సోర్స్‌లో ఎక్కడికెళ్ళినా ఇదే వరుస. వంటింట్లోకి కొత్తగా వచ్చినవాళ్ళకి ఉల్లిపాయలు ఇస్తారు.

ఈ టెస్టుల్లో నాకు నచ్చింది, రౌటర్ అక్కర్లేదు. లినక్స్ కెర్నల్‌లో ఎంఏసీ80211_హెచ్‌డబ్ల్యూసిమ్ అనే మాడ్యూల్ ఉంది. దాన్ని ఎక్కిస్తే లేని వైఫై రేడియోలు రెండు పుట్టుకొస్తాయి. ఒకదాన్ని వేరే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లో కూర్చోబెట్టి దానిమీద హోస్ట్ఏపీడీ నడిపితే అది రౌటర్. రెండోదాన్ని నెట్‌వర్క్‌మేనేజర్‌కి అప్పగిస్తే అది ల్యాప్‌టాప్. గాలి కూడా ఉత్తుత్తిదే. చిన్నప్పుడు అగ్గిపెట్టెలకి దారం కట్టి ఫోనాడుకున్నట్టు, ఒక్క మెషీన్లో రెండు చివరలూ.

నేను రాసిన మొదటి టెస్టు: రౌటర్ మాయమై మళ్ళీ వస్తే ల్యాప్‌టాప్ తిరిగి కలుస్తుందా? హోస్ట్ఏపీడీని చంపాను, మూడు సెకన్లు ఆగి మళ్ళీ లేపాను, పది సెకన్లు నిద్రపొమ్మన్నాను, స్థితి చూశాను. నెట్‌వర్క్‌మేనేజర్‌లో ప్రతి పరికరం స్థితికీ ఒక అంకె: 30 అంటే ఖాళీగా ఉంది, 40 అంటే సిద్ధమవుతోంది, 60 పాస్‌వర్డ్ కావాలి, 70 అడ్రసు కోసం చూస్తోంది, 100 కలిసింది, 120 ఓడిపోయింది. నాకు 100 వచ్చింది. పచ్చ టిక్కు. వందకి వంద! ఇరవైసార్లు నడిపాను, ఇరవైసార్లూ పచ్చే.

ఆ టెస్టుని చూసిన ప్రాజెక్టు డెవలపరొకాయన ఒక్క ప్రశ్న అడిగారు: మధ్యలో 100 నుంచి ఎప్పుడైనా కిందికి దిగిందా?

చూశాను. దిగలేదు. రౌటర్ కనిపించకుండా పోగానే నెట్‌వర్క్‌మేనేజర్ కంగారుపడి కనెక్షన్ తీసెయ్యదు, మళ్ళీ వస్తుందేమోనని కొన్ని సెకన్లు వీధిగుమ్మంలో నిలబడినట్టు నిలబడుతుంది. ఆ లోపలే నేను రౌటర్‌ని వెనక్కి తెచ్చేశాను. దాని దృష్టిలో ఎవరూ ఇల్లు వదిలి వెళ్ళనేలేదు. తిరిగి కలిసే కోడ్ ఒక్క లైను కూడా నడవలేదు. ఆ కోడ్ మొత్తం తీసి పారేసినా నా టెస్టు పచ్చగానే ఉండేది. టెస్టు రాసినప్పుడు, దాన్ని ఒకసారి ఓడించి చూడాలని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటారు, నేను వినలేదేమో.

ఆ పది సెకన్ల నిద్ర గురించి కూడా ఒక మాట. రౌటర్‌ని ఎక్కువసేపు ఆపి ఉంచేలా మార్చాక కూడా నా ల్యాప్‌టాప్‌లో తిరిగి కలవడానికి నాలుగు సెకన్లు పట్టేది, అందుకని పది అంటే ధారాళం అనుకున్నాను. టెస్టులు నడిచే సర్వర్ మీద ఒకేసారి పది పనులుంటాయి. అక్కడ ఒకసారి నాలుగు, ఒకసారి పదకొండు. నేను పదిని ఇరవై చేశాను, ఇరవైని ముప్ఫై చేశాను. ప్రతిసారీ 'ఇప్పుడు స్థిరంగా ఉంది' అని రాశాను. ముప్ఫై కూడా ఒకరోజు ఓడింది. నిద్ర తీసేసి, స్థితి 100 కంటే కిందికి దిగేదాకా చూడు, తర్వాత 100కి చేరేదాకా చూడు, ఫలానా గడువులో జరక్కపోతే ఓడిపోయినట్టు అని రాస్తే అయిపోయింది. నా ల్యాప్‌టాప్‌లో అది ముప్ఫై సెకన్ల టెస్టు కంటే ముందే ముగుస్తుంది కూడా. ఇంత చిన్న విషయానికి ఐదు రౌండ్లు తిరిగాను.

ఇదంతా అయ్యాక నాకు కొంచెం పొగరెక్కింది. నెట్‌వర్క్‌మేనేజర్ నాకు తెలుసు అనుకున్నాను. అప్పుడే తెనాలి పక్కన మా ఊళ్ళో లైబ్రరీకి ఆరు పాత డెస్క్‌టాప్‌లు వచ్చాయి. హైదరాబాద్ నుంచి ఒక శని ఆదివారాలు వెళ్ళి అన్నిటిలో లినక్స్ ఎక్కించాను. పిల్లలు స్విచ్ వెయ్యగానే గబుక్కున లేవాలని అన్నీ బిగించాను. అందులో ఒకటి, ఆటోకనెక్ట్-రిట్రైస్. నెట్ కలవకపోతే ఎన్నిసార్లు ప్రయత్నించాలన్న లెక్క. దాని మామూలు విలువ 4. నేను 1 పెట్టాను. మా ఇంట్లో ఎప్పుడూ మొదటిసారే కలుస్తుంది, నాలుగుసార్లు ఎందుకట?

లైబ్రరీ చూసుకునేది మా పిన్ని వరస ఆవిడ. నెల తిరక్కుండా ఫోను.

"బాబూ, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నెట్ రావట్లేదయ్యా. వైరు పీకి మళ్ళీ పెడితే వస్తోంది."

"అయితే వైరు లూజయి ఉంటుంది పిన్నీ. మార్పించండి."

"ఆరూ లూజేనా?"

"చవకవి అయుంటాయి."

పిన్ని తెనాలి వెళ్ళి ఆరు కొత్త వైర్లు కొనుక్కొచ్చింది. పిల్లల దగ్గర వసూలైన డబ్బులతో. మళ్ళీ కరెంటు పోయింది, వచ్చింది, నెట్ రాలేదు. మళ్ళీ వైరు పీకి పెట్టింది, వచ్చింది. ఈసారి నాకు ఫోను చెయ్యలేదు. పిల్లలకే నేర్పేసింది, కరెంటు రాగానే వెనక వైరు తీసి పెట్టుకోండర్రా అని. సంక్రాంతికి వెళ్ళినప్పుడు, ఏడో తరగతి పిల్ల ఒకతి నా కళ్ళముందే బల్లకింద దూరి ఆ పని చేసి లేచి, చేతులు దులుపుకుని కూర్చుంది. అప్పుడు చూశాను, ఏం జరుగుతోందో.

కరెంటు రాగానే డెస్క్‌టాప్‌లు అర నిమిషంలో లేస్తున్నాయి; గొప్ప, నేనే బిగించాను కదా. నెట్‌వర్క్ స్విచ్ పెట్టె రెండు సెకన్లలో లేస్తోంది, అంటే వైరులో ప్రాణం ఉంది. ఫైబర్ డబ్బా, దాని వెనక రౌటర్ మాత్రం మూడు నిమిషాలు తీసుకుంటున్నాయి. డెస్క్‌టాప్ లేచి అడ్రసు అడుగుతుంది. ఇచ్చేవాడు ఇంకా నిద్రలో ఉన్నాడు. 45 సెకన్లు ఎదురుచూస్తుంది, అది దాని మామూలు గడువు. రాలేదు. ఎన్నిసార్లు ప్రయత్నించమన్నారు? ఒక్కసారి. అయింది. ఇక ఐదు నిమిషాల దాకా అటు చూడదు. మామూలు 4 ఉంచి ఉంటే నాలుగో ప్రయత్నంలోపు రౌటర్ లేచేది, ఈ కథే ఉండేది కాదు. వైరు పీకి పెడితే ఎందుకొస్తోందంటే, వైరు తెగి కలవడాన్ని నెట్‌వర్క్‌మేనేజర్ కొత్త అవకాశంగా లెక్కేసి, పాత ఓటములు మాఫీ చేసి మొదటినుంచి అడుగుతుంది. పిన్ని కనిపెట్టింది సరిగ్గా ఇదే. ఆవిడ చెప్పినదాంట్లో రోగలక్షణం ఉంది, ఎప్పుడొస్తుందో ఉంది, ఏం చేస్తే తగ్గుతుందో ఉంది. నేనప్పటికి చూసిన బగ్ రిపోర్టుల్లో అంత శుభ్రమైనవి నాలుగైదుకి మించి లేవు. దానికి నేనిచ్చిన జవాబు, చవకవి అయుంటాయి.

అక్కడికక్కడే సరిచేసి ఉండాల్సింది. పండగ హడావుడిలో కుదరక, హైదరాబాద్ వచ్చాక చేస్తాలే అనుకున్నాను. ఆరింటిలో ఒకదానికి దూరంనుంచి వెళ్ళే దారి పెట్టుకున్నాను, మిగతా ఐదింటికీ దాని మీదుగా వెళ్ళాలి. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని కూర్చుని దాంట్లోకి వెళ్ళాను. మార్చాల్సింది ఒక్క అంకె, 1 తీసి 0. ఇక్కడ 0 అంటే మానెయ్యమని కాదు, కలిసేదాకా అడుగుతూనే ఉండమని. మార్చేముందు శుభ్రంగా దించి, మార్చి, ఎక్కిద్దామనుకుని వేళ్ళు వాటంతటవే కొట్టాయి: ఎన్ఎంసీఎల్ఐ కాన్ డౌన్. ఎంటర్.

కర్సర్ ఆగిపోయింది.

కూర్చున్న కొమ్మని నరుక్కున్నవాడి కథ చిన్నప్పుడు విని నవ్వాం కదా. నేను ఏ వైరు మీదుగా ఆ మెషీన్లోకి వెళ్ళానో ఆ వైరునే దించమన్నాను. అది వినయంగా దించింది. పైగా మనిషి చేత్తో దించిన కనెక్షన్‌ని నెట్‌వర్క్‌మేనేజర్ తనంతట తను మళ్ళీ ఎక్కించదు. యజమాని వద్దన్నాడు, వద్దంతే. మామూలుగా అది మంచి గుణమే. 'అప్' అన్న ఒక్క ఆజ్ఞ ఇస్తే సరిపోయేది, ఉన్న కనెక్షన్‌ని తనే కొత్త సెట్టింగులతో మళ్ళీ కలుపుకుంటుంది. అసలు ఈ అంకె మార్చడానికి దించడమూ ఎక్కించడమూ రెండూ అక్కర్లేదని తర్వాత చూసుకున్నాను.

పిన్నికి ఫోను చేశాను. ఆదివారం, లైబ్రరీ సెలవు.

"వైరు పీకి పెట్టమంటావా?"

"ఈసారి దానికి లొంగదు పిన్నీ. మెషీనే ఆపి మళ్ళీ పెట్టాలి."

"కరెంటు పోలేదుగా, ఏమైంది దానికి?"

"నేనే చేశాను."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సరే, తాళంచేతులు తీసుకుని వెళ్తాలే" అంది. ఎండలో నడుచుకుంటూ వెళ్ళి, తాళం తీసి, ఆపి, పెట్టి, అది లేచేదాకా కూర్చుని ఫోను చేసింది. ఈసారి ఏదీ దించకుండా ఆరింటిలోనూ అంకె మార్చాను. అరనిమిషం పని.

ఇలాంటి మూర్ఖత్వానికి మందు ఆ ప్రోగ్రామ్‌లోనే ఉందని నాకు తెలుసు. చెక్‌పాయింట్ అంటారు. మార్చబోయేముందు ఉన్న స్థితిని గుర్తుపెట్టుకోమని, ఇన్ని సెకన్లలో నేను మళ్ళీ కనిపించి బాగుందని చెప్పకపోతే వెనక్కి తీసుకెళ్ళిపొమ్మని చెప్పొచ్చు. కాక్‌పిట్ అనే వెబ్ పరికరంలో నెట్‌వర్క్ సెట్టింగులు మారిస్తే వెనకాల జరిగేది అదే. మార్పు వల్ల తెగిపోయారా, కొద్దిసేపట్లో అదే సర్దుకుని మిమ్మల్ని లోపలికి రానిస్తుంది. దాని గురించి చదివాను, బాగుందనుకున్నాను, దూరపు సర్వర్లు చూసుకునేవాళ్ళకి పనికొస్తుందనుకున్నాను. మా ఊరి లైబ్రరీ దూరపు సర్వర్ అని తట్టలేదు.

తర్వాత పిన్ని కథని టెస్టుగా రాశాను. వైరు వైపు కనక ఇక్కడ రేడియోలు అక్కర్లేదు, వెత్ అనే ఉత్తుత్తి వైరు జత ఒకటి చాలు. ఒక చివర నెట్‌వర్క్‌మేనేజర్, రెండో చివర నేమ్‌స్పేస్‌లో ఆలస్యంగా నిద్రలేచి అడ్రసులిచ్చే డీహెచ్‌సీపీ సర్వర్. ముందు రిట్రైస్ 1 పెట్టి, టెస్టు ఓడిపోవడం నా కళ్ళతో చూశాను. ఆ తర్వాతే 0 పెట్టాను.

వైర్ల డబ్బులు పిన్నికి ఇచ్చేశాను. పాత వైర్లు ఆరూ తెచ్చుకుని టెస్టర్‌కి పెట్టి చూస్తే ఒక్కదాంట్లోనూ లోపం లేదు. ఇప్పుడు నా బల్లమీద టెస్టులకి వాడుతున్నవి అవే.

మీ లినక్స్ మెషీన్లో నెట్ గడియారం కొట్టినట్టు తెగుతుంటే, ఎవరికైనా రిపోర్టు రాసేముందు ఒక్క నిమిషం ఆగండి. రూట్ క్రాన్‌ట్యాబ్ తెరిచి చూడండి, ఈటీసీలో క్రాన్.డి ఫోల్డర్ కూడా చూడండి. నాది అక్కడే దొరికింది.